కార్పొరేటర్ మాటిచ్చిండు సరే.. ఆ పని ఆయన చేతిల ఉన్నదా?

వార్డు ఎలక్షన్లు దగ్గర పడ్డయంటే గల్లీల పంచే కరపత్రాలన్నీ ఒక్క తీరుగనే ఉంటయి. పైన పార్టీ పెద్దల ఫోటోలు, నడుమల దండం పెట్టుకుంట క్యాండిడేటు, కింద హామీలు. ఇంటింటికి నల్లా నీళ్లు, అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ, గల్లీ గల్లీకి సీసీ రోడ్డు, చెరువు సుందరీకరణ, కోతుల బెడద బంద్, కుక్కల బెడద బంద్, చదువుకున్న పోరగాండ్లకు కొలువులు, ఇల్లు లేనోళ్లకు ఇల్లు. పార్టీ రంగు మారుతది గని లిస్టు మారదు. ఆ కాయితం చేతిల పట్టుకున్న మనం ఏం చూస్తం? మనిషి మంచోడా కాదా, మన దిక్కోడా కాదా, ఫోన్ చేస్తే ఎత్తుతడా ఎత్తడా. గవి చూసుడు తప్పని అంటలేను. కానీ ఆ లిస్టుల ఏ పని కార్పొరేటర్ చేతిల ఉన్నది, ఏది ఇంకోళ్ల చేతిల ఉన్నది అన్నది తెల్వకపోతే, రేపు పని కానప్పుడు ఎవలిని నిలదీయాలెనో కూడా తెల్వదు.

గిది పట్నపోళ్ల ముచ్చట, మనకెందుకు అనుకోవద్దు. 2018ల తెలంగాణల ఒక్కపారే 68 కొత్త మున్సిపాలిటీలు అయినయి. వరంగల్ కార్పొరేషన్‌ల 42 ఊళ్లు కలిసినయి. 2025 ఆఖర్ల హైదరాబాద్ చుట్టూ ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు పోయి జీహెచ్ఎంసీల కలిసినయి. ఇందుల శానా ఊళ్లకు మొన్నమొన్నటి దాకా సర్పంచ్ ఉండె, గ్రామసభ ఉండె. సర్పంచ్‌కు ఓటేసిన చేతితోటే ఇప్పుడు కౌన్సిలర్‌కో, కార్పొరేటర్‌కో ఓటెయ్యాలె. సర్పంచ్‌ను చూసినట్టు కార్పొరేటర్‌ను చూస్తే లెక్క తప్పుతది. రెండు కుర్చీలు ఒక్కటి కావు.

18 పనులు రాసిన్రు.. కానీ

రాజ్యాంగానికి 74వ సవరణ 1992ల చేసిన్రు. 1993 జూన్ 1 నుంచి అమల్లకొచ్చింది. దానితోటి 12వ షెడ్యూల్ అని ఒకటి వచ్చింది. మున్సిపాలిటీలకు అప్పజెప్పదగ్గ 18 పనులు అందుల ఉన్నయి. టౌన్ ప్లానింగ్, భూమి వాడకం, కొత్త కట్టడాలు, రోడ్లు, బ్రిడ్జిలు, నీళ్లు, చెత్త, పారిశుద్ధ్యం, ఫైర్ సర్వీసు, పార్కులు, వీధి లైట్లు, బస్టాపులు, పార్కింగ్, శ్మశానాలు.. ఆఖరికి బందెల దొడ్డి కూడా.

ఇది చదివితే కార్పొరేటర్ అంటే చిన్న ముఖ్యమంత్రి అనిపిస్తది. అసలు మెలిక 243డబ్ల్యూ ఆర్టికల్‌ల ఉన్నది. రాష్ట్ర అసెంబ్లీ ఈ అధికారాలు మున్సిపాలిటీకి ఇయ్యొచ్చు అని ఉన్నది గని, ఇయ్యాల్సిందే అని లేదు. ‘ఇయ్యొచ్చు’ అంటే ఇయ్యకపోవచ్చు కూడా. దేశంల ఏ పార్టీ సర్కారు ఉన్నా, ఏ రాష్ట్రమైనా, ఈ సందుల నుంచే అధికారం తనకాడ పెట్టుకుంటున్నది.

హైదరాబాద్‌నే చూడుండ్రి. తాగే నీళ్లు, మురుగు పైపులు వాటర్ బోర్డు చేతిల ఉన్నయి. ఆ బోర్డు 1989ల పుట్టింది, దానికి వేరే ఆఫీసు, వేరే ఎండీ. సిటీ ఎటు పెరగాలె, ఏది రెసిడెన్షియల్ జోన్, ఏది గ్రీన్ జోన్ అని మాస్టర్ ప్లాన్ గీసేది 2008ల వచ్చిన హెచ్ఎండీఏ. వరంగల్ దిక్కు అదే పని ‘కుడా’ చేస్తది. కరెంటు డిస్కంది, బస్సులు ఆర్టీసీయి, ట్రాఫిక్ పోలీసోళ్లది, ఫైరింజన్ ఫైర్ డిపార్ట్‌మెంటుది. ఇండ్ల పథకాలు, పింఛన్లు, రేషన్ కార్డులు రాష్ట్ర సర్కారుయి. మిగిలిన పనుల్ల కూడా సంతకం పెట్టేది కార్పొరేటర్ కాదు, మేయర్ కాదు, సర్కారు పంపిన కమిషనర్. ఫైలు నడిపేది ఆయన, బిల్లు పాస్ చేసేది ఆయన.

అందుకే ఒక గల్లీల కొత్తగ ఏసిన సీసీ రోడ్డును నెల తిరగకముందే పైపుల కోసం తవ్వుతరు. రోడ్డు ఒకలది, పైపు ఇంకొకలది. నడుమల జనం తిట్లు తినేది కార్పొరేటర్. నిజంగ చెప్పాలంటే ఆయన మీద జర జాలి కూడా కలుగుతది. కానీ ఆ పని తన చేతిల లేదని ఓట్లప్పుడు ఎందుకు చెప్పలేదు అని మాత్రం అడగాలె.

2020 జీహెచ్ఎంసీ ఎలక్షన్: ఎవలు ఏం చెప్పిన్రు

ఈ ముచ్చట సమజ్ కావాలంటే 2020 డిసెంబర్ 1న జరిగిన జీహెచ్ఎంసీ ఎలక్షన్‌ను మించిన పాఠం లేదు. 150 డివిజన్లు. ఢిల్లీ నుంచి పెద్ద పెద్ద లీడర్లు గల్లీలకు దిగిన్రు. దానికి నెలన్నర ముంగట, అక్టోబర్ 13న, కుండపోత వాన కొట్టింది. ఘట్‌కేసర్ దిక్కు ఒక్క దినంల 32 సెంటీమీటర్లు పడ్డది. చెరువు కట్టలు తెగినయి, పాతబస్తీల ఇండ్లు మునిగినయి, మనుషులు కొట్టుకపోయిన్రు. కాబట్టి ఆ ఎలక్షన్ల అసలు సవాలు ఏందన్నది అందరికీ ఎర్కే: ఇంత సిటీ పెరిగింది, నీళ్లు పోయే తొవ్వ ఏది?

మరి పార్టీలు ఏం చెప్పినయి? అధికారంల ఉన్న టీఆర్ఎస్ నెలకు 20 వేల లీటర్ల దాకా నల్లా నీళ్లు ఫ్రీ అన్నది. బీజేపీ వరదల నష్టపోయిన ఇంటికి 25 వేలు ఇస్తం, ఎల్ఆర్ఎస్ రద్దు చేస్తం అన్నది. కాంగ్రెస్ వరద ఇంటికి 50 వేలు అన్నది. సర్కారు అప్పటికే పది వేల చొప్పున పంచుతుండె. ఎలక్షన్ కోడ్ వచ్చినంక ఎలక్షన్ కమిషన్ ఆపింది.

ఇప్పుడు ఒక్కొక్కటి పట్టి చూడుండ్రి. ఫ్రీ నీళ్లు ఇచ్చేది వాటర్ బోర్డు, దానికి పైసలు పెట్టేది రాష్ట్ర సర్కారు. మేయర్‌కు దాంట్ల పెన్ను లేదు. ఎల్ఆర్ఎస్ రాష్ట్ర సర్కారు జీవో, కార్పొరేషన్ తీర్మానంతోటి రద్దు కాదు. వరద సాయం ఖజానా నుంచి రావాలె. మూడు పార్టీల పెద్ద హామీలల్ల ఒక్కటి కూడా గెలిచిన కార్పొరేటర్ సొంతంగ చేసి చూపెట్టేది కాదు. ఓటు మాత్రం కార్పొరేటర్‌కే అడిగిన్రు.

ఒక మాట న్యాయంగ చెప్పాలె. ఫ్రీ నీళ్ల హామీ అమలైంది. 2021 జనవరి 12న మొదలుపెట్టిన్రు. మీటరు ఉండాలె, ఆధార్ లింకు చేసుకోవాలె అని షరతులు పెట్టిన్రు, బస్తీలకు మీటరు షరతు తీసేసిన్రు. కానీ ఎట్ల అమలైంది? రాష్ట్రంల కూడా అదే పార్టీ సర్కారు ఉండె కాబట్టి అయ్యింది. అప్పటికింకా మేయర్‌ను కూడా ఎన్నుకోలే. మేయర్ ఎన్నిక జరిగింది ఫిబ్రవరి 11న. అంటే కౌన్సిల్ కూసోకముందే కౌన్సిల్ ఎలక్షన్ హామీ తీరింది! ఆ హామీకి, కార్పొరేటర్ కుర్చీకి ఎంత సంబంధం ఉన్నదో గా తారీఖులే చెప్తున్నయి.

గెలుపు ఓటములు కూడా ఒకపారి చూడుండ్రి. టీఆర్ఎస్‌కు 56, బీజేపీకి 48, ఎంఐఎంకు 44, కాంగ్రెస్‌కు 2 వచ్చినయి. ఎవలికీ సగం రాలే. అయినా మేయర్ పీఠం టీఆర్ఎస్‌కే పోయింది. ఎందుకంటే మేయర్‌ను మనం నేరుగ ఎన్నుకోం, కార్పొరేటర్లు ఎన్నుకుంటరు. వాళ్లతోటి పాటు ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలు ఎక్స్‌అఫీషియో పేరు మీద ఓటేస్తరు. మన గల్లీల తిరగనోళ్ల ఓటు కూడా మన మేయర్‌ను తేలుస్తది. సర్పంచ్‌ను మాత్రం ఊరు నేరుగ ఎన్నుకుంటది.

ఇంకోటి. అంత హడావుడి చేసినా ఆ ఎలక్షన్ల సగం మంది కూడా ఓటెయ్యలే. 2009, 2016, 2020.. మూడుపార్లల్ల ఏనాడూ 50 శాతం దాటలే. మన ఊళ్లల్ల సర్పంచ్ ఎలక్షన్ అంటే ముసలవ్వను ఆటోల కూసోబెట్టి తోల్కొస్తం. సిటీల మనం రూము కిరాయికి ఉంటం, ఓటు ఊర్లనే ఉంటది. సిటీల నీళ్ల కోసం, డ్రైనేజీ కోసం రోజూ గోస పడే కిరాయి పోరగాండ్లకు అక్కడ ఓటే లేదు. ఇక క్యాండిడేటు కరపత్రంల కిరాయిదారు ముచ్చట ఎందుకుంటది?

ఊరు కలిస్తే ఏం పోతది, ఏం వస్తది

ఊరును మున్సిపాలిటీల కలుపుతమంటే రెండు తీర్ల మనుషులు కనబడుతరు. భూమి ఉన్నోడు రేటు పెరుగుతదని సంబురపడుతడు. కూలికి పోయేటోడికి గుబులు పడుతది. ఇద్దరూ కరెక్టే.

కూలోళ్లకు ముందుగాల పోయేది ఉపాధి హామీ పని. ఆ పథకం ఊళ్లకే, పట్నానికి లేదు. ఊరు పేరు గెజిట్‌ల మారుతది, కూలి మాత్రం మారడు. అదే గుడిసె, అదే పార. వార్డు క్యాండిడేటు దీని మీద ఏమంటడో అడిగిన్రా ఎన్నడన్న? ఆ కూలీలకు బదులు పని ఏంది, మున్సిపాలిటీ పనులల్ల వాళ్లను పెట్టుకునేటట్టు కౌన్సిల్‌ల కొట్లాడుతవా? ఇది కార్పొరేటర్ నోరు తెరవాల్సిన ముచ్చట.

రెండోది గ్రామసభ. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోపారి గ్రామసభ పెట్టాలె. పెట్టకపోతే సర్పంచ్ కుర్చీకే ఎసరు. ఎంత తూతూమంత్రంగ పెట్టినా, ఊరోడు లేసి ‘గా బిల్లు ఎందుకు లేపినవ్’ అని అడిగే జాగ అది. సర్పంచ్, ఉప సర్పంచ్ ఇద్దరికీ కలిపి చెక్ పవర్ ఉంటది కాబట్టి ఆ ప్రశ్నకు ఇద్దరూ జవాబు చెప్పాలె. మున్సిపాలిటీల గ్రామసభ లేదు, కౌన్సిలర్‌కు చెక్ పవర్ లేదు. ‘నా చేతిల లేదన్నా, కమిషనర్ సారు కాడ ఆగింది’ అనేస్తే ముచ్చట ఒడిసినట్టే.

దానికి బదులుగ చట్టంల ఒకటి పెట్టిన్రు. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టంల ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలని ఉన్నది. యువకులది ఒకటి, మహిళలది ఒకటి, సీనియర్ సిటిజన్లది ఒకటి, వార్డుల పేరున్న పెద్దమనుషులది ఒకటి. ఒక్కో దాంట్ల 15 మంది. అంటే ఒక్క వార్డుల 60 మందికి మాట్లాడే హక్కు, అందుల 15 మంది యువకులే. శానా తాన ఇవి కాయితం మీదనే ఉంటయి. లేకుంటే గెలిచినోని ఎంబడి తిరిగేటోళ్ల పేర్లు రాసి ఫైల్ల పెడుతరు. క్యాండిడేటు ఇంటికొచ్చినప్పుడు ‘యువకుల కమిటీల ఎవల్ని పెడుతవు, ఎట్ల ఎంచుతవు, మీటింగు ఏ తారీఖున పెడుతవు’ అని అడుగుండ్రి. నీళ్లు నములుతడు. ఎందుకంటే గిది నిజంగ వార్డు లోపటి పని, పైనోళ్ల మీదికి తోసేటందుకు లేదు.

పన్నుల ముచ్చట జర తక్కువల చెప్తా. ఊరు కలిస్తే ఇంటి పన్ను పెరుగుతదన్నది నిజమే. కానీ పేదోళ్లకు ఒక అడ్డుకట్ట ఉన్నది. 2019 చట్టం కింద 75 గజాల లోపు జాగల కట్టుకున్న చిన్న ఇంటికి ఏడాదికి వంద రూపాయలే పన్ను, కట్టుకునేటప్పుడు పర్మిషన్ తిప్పలు లేవు, రూపాయి కట్టి పేరు రాయించుకుంటే సాలు. ఇల్లు ఎంత పెద్దదో యజమానే సొంతంగ రాసియ్యాలె. అబద్ధం రాస్తే 25 రెట్లు జుర్మానా. ‘పన్ను మాఫీ చేస్తా’ అనే క్యాండిడేటును మాత్రం నమ్మొద్దు. 2020 దీపావళికి పన్నుల సగం తగ్గించింది కూడా రాష్ట్ర సర్కారే, ఏ కార్పొరేషన్ తీర్మానమూ కాదు.

చెరువు ముచ్చటే అసలు పరీక్ష

పెరిగే సిటీల క్యాండిడేటు ఎటు దిక్కున్నడో తెల్వాలంటే చెరువు గురించి అడగాలె. ఇక్కడనే పైసలుంటయి, ఇక్కడనే నోరు పడిపోతది.

మన చెరువులు ఒకదాని కింద ఒకటి ఉండే గొలుసు. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్లు కాల్వల పడి కింది చెరువుకు వోతయి. ఊర్లున్నప్పుడు అలుగు తొవ్వల ఎవలూ ఇల్లు కట్టకపోతుండె, నీరటికాడు ఊకోకపోతుండె. ప్లాట్లు పడ్డంక ఆ కాల్వ మోరీ అయింది, మోరీ మీద స్లాబు పడ్డది, స్లాబు మీద షట్టర్ లేసింది. వాన గట్టిగ కొడితే నీళ్లకు పాత తొవ్వ యాదికుంటది. నిజాంపేట బండారి లేఔట్ వానకాలం వస్తే ఎందుకు టీవీల కనబడుతదో, 2020 ఆగస్టుల హన్మకొండ కాలనీలల్ల పడవలు ఎందుకు తిరిగినయో ఇదే లెక్క.

రూల్స్ లేక కాదు. 2012ల వచ్చిన 168వ జీవో కింద పది హెక్టార్ల కన్నా పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు ఇడిసిపెట్టాలె. పది మీటర్ల కన్నా ఎడల్పు నాలా అయితే 9 మీటర్లు, చిన్నదైతే 2 మీటర్లు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండితే నీళ్లు ఆగే గీత. ఆ గీతను తేల్చి, రాళ్లు పాతి, మ్యాపు బయట పెట్టకుండ నానబెట్టుడే అసలు కథ. గీత లేకుంటే గీత దాటినోడు కూడా ఉండడు కదా.

హైదరాబాద్‌ల 2024 జులైల ‘హైడ్రా’ వచ్చింది. బుల్డోజర్లు నడిచినయి. పెద్దోళ్ల కట్టడాలు కూలినప్పుడు జనం సప్పట్లు కొట్టిన్రు, అప్పు చేసి ఇల్లు కొన్న నడిమి తరగతోళ్లవి, గుడిసెలోళ్లవి కూలినప్పుడు ఏడుపులు ఇనబడ్డయి. నా మట్టుకు నాకు ఇందుల మొదటి తప్పు కొన్నోనిది కాదు, పర్మిషన్ ఇచ్చినోనిది. ఇల్లు లేసేదాకా చూసుకుంట కూసున్న ఆఫీసు, ఆ ఇంటికి నల్లా ఇచ్చి, కరెంటు ఇచ్చి, పన్ను వసూలు చేసినంక ఇది చెరువు అంటే ఎట్ల? కార్పొరేటర్ ఇక్కడ పనికొస్తడు. చెరువు ఆయనది కాదు నిజమే. కానీ పునాది తవ్వుతున్ననాడే వార్డుల ఎవలికన్న ముందుగాల తెలిసేది ఆయనకే. కంప్లైంటు రాసిండా, ఊకున్నడా? కౌన్సిల్ మీటింగుల ఆ సర్వే నంబర్ ఎత్తిండా? ఊకున్నడంటే ఎందుకు ఊకున్నడో వార్డుల శానామందికి ఎర్కనే ఉంటది, నేను రాసుడెందుకు.

లేఔట్ల ముచ్చట కూడా గిందుకే చుట్టుకుంటది. రూల్ ప్రకారం పర్మిషన్ ఉన్న లేఔట్‌ల పది శాతం జాగ పార్కుకు, ఆటలకు ఇడిసిపెట్టి మున్సిపాలిటీ పేరు మీద రాసియ్యాలె. రోడ్లు, మోరీలు వేసేదాకా కొన్ని ప్లాట్లు తాకట్టు పెట్టాలె. మనోళ్లు కొన్నవి శానామట్టుకు పర్మిషన్ లేని వెంచర్లు. అందుకే 2020ల ఎల్ఆర్ఎస్ అంటే 25 లక్షలకు పైగ దరఖాస్తులు వచ్చినయి. వెయ్యి రూపాయలు కట్టి ఏండ్ల కొద్ది ఎదురుచూసిన్రు. 2025ల 25 శాతం తగ్గిస్తమని మల్ల పిలిచిన్రు. రద్దు చేయాలెనా, ఉంచాలెనా అన్నది రాష్ట్రంల తేలే ముచ్చట. వార్డు క్యాండిడేటు నుంచి మనకు కావాల్సింది వేరే: మన కాలనీల పార్కు అని చూపెట్టిన ప్లాటు ఇప్పుడు ఎవల పేరు మీద ఉన్నది? దానికి కంచె ఎప్పుడు ఏపిస్తవు? చట్టం ప్రకారం మున్సిపాలిటీ బడ్జెట్‌ల పది శాతం చెట్లకు, పచ్చదనానికే పెట్టాలె. ఆ పది శాతంల మన వార్డుకు వచ్చిందెంత?

చెత్త ఎవల ఊరికి పోతది

చెత్త మాత్రం నిక్కచ్చిగ మున్సిపాలిటీ పనే. ఇక్కడ తప్పించుకునే సందు లేదు. అయినా కరపత్రాలల్ల ‘స్వచ్ఛ వార్డు’ అన్న రెండు ముక్కలే ఉంటయి. మన గల్లీ నుంచి లేపిన చెత్త ఎటు పోతదని ఒక్కడు కూడా రాయడు.

హైదరాబాద్ చెత్త జవహర్‌నగర్‌కు పోతది. డంపింగ్ పెట్టినప్పుడు అది పంచాయతీ, 2019ల కార్పొరేషన్ అయింది. ఆ చెత్తగుట్ట నుంచి ఊరిన నల్ల నీళ్లు మల్కారం చెరువులకు దిగినయి. చుట్టుపక్కల దమ్మాయిగూడ, నాగారం జనం వాసనకు కిటికీలు మూసుకొని బతుకుతున్నరు. వరంగల్ చెత్త మడికొండ కాడి రాంపూర్‌కు పోతది, అక్కడ పొగ. ప్రతి పెరిగే టౌనుకు పొలిమేరల ఇసొంటి ఊరు ఒకటుంటది. ఆ ఊరోళ్లు మనోళ్లే.

తడి చెత్త, పొడి చెత్త ఇంటికాడనే వేరు చేయాలని రూల్స్‌ల ఉన్నది. వేరు చేసిచ్చినా ఆటోల ఒక్కతాననే కలిపేస్తే ఏం లాభం? తడి చెత్తను వార్డులనే ఎరువు చేస్తే డంపింగ్‌కు పోయేది సగానికి సగం తగ్గుతది. జాగ చూపెట్టుడు, సఫాయి కార్మికుల జీతం, గ్లౌజులు, పీఎఫ్ గురించి కౌన్సిల్‌ల అడుగుడు.. ఇవన్నీ కార్పొరేటర్‌కు చేతనయ్యే పనులు. కాంట్రాక్టు సఫాయి అక్కకు నెల నెలా జీతం పడుతున్నదా లేదా అన్నది కూడా చెప్పలేనోడు సిటీని సింగపూర్ చేస్తా అంటే నవ్వొస్తది.

కుక్కల ముచ్చట ఒక్క ముక్కల చెప్పి పోత. ‘వార్డుల ఒక్క కుక్క లేకుండ చేస్తా’ అనుడు చట్టం తెల్వక అనే మాట. 2023 రూల్స్ ప్రకారం కుక్కలకు పిల్లలు కాకుండ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా ఏసి, పట్టిన తాననే ఇడవాలె. బడులు, దవాఖానాలు, బస్టాండ్లసొంటి జాగలల్ల ఉన్నయి మాత్రం తీసెయ్యాలని 2025 నవంబర్‌ల సుప్రీంకోర్టు చెప్పింది. ఏడాదికి ఎన్ని ఆపరేషన్లు చేయిస్తవని అడిగితే అది అసలు ప్రశ్న.

ఇంటికొచ్చిన క్యాండిడేటును ఎట్ల చూడాలె

నామినేషన్ తోటి పాటు క్యాండిడేటు అఫిడవిట్ ఇస్తడు. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అందుల ఉంటయి. గది చదువుండ్రి. ఐదేండ్ల కిందట కూడా నిలబడ్డోడైతే రెండు అఫిడవిట్లు పక్కపక్కన పెట్టుకోండ్రి. భూముల లెక్క దగ్గర జర ఎక్కువసేపు ఆగుండ్రి. క్యాండిడేటు రియల్ ఎస్టేట్ చేసేటోడైతే అది నేరం కాదు గని, చెరువు ముచ్చట ఆయన్ను రెండుపార్లు అడగాలె.

సీట్లల్ల సగం మహిళలకు. అది మంచి చట్టం. కానీ ఓట్లు అడిగేటందుకు ఆమె భర్త ముంగట నడిచి, ఆమె ఎనుక నిలబడితే, ప్రశ్న ఆమెనే అడుగుండ్రి. ‘మీరు చెప్పుండ్రి అక్కా, మీ మాట వినాలె’ అని ఆగుండ్రి. భర్త అందుకుంటే మల్ల ఆమెనే అడుగుండ్రి. గెలిచినంక కౌన్సిల్‌ల కూసునేది ఆమె. బాగ పని చేసిన ఆడ కౌన్సిలర్లు మస్తు మంది ఉన్నరు, వాళ్లను కూడా ‘ఫలానాయన భార్య’ అనే పిలుసుడు మన తప్పే.

‘పైన మా సర్కారే ఉన్నది, నన్ను గెలిపిస్తేనే నిధులు’ అనే మాట ప్రతి ఎలక్షన్ల ఇనబడుతది. అధికారంల ఎవలున్నా గిదే అంటరు. దాంట్ల కొంత నిజం ఉన్నదని 2021 ఫ్రీ నీళ్ల కథలనే చూసినం. కానీ ఫైనాన్స్ కమిషన్ గ్రాంట్లు జనాభా లెక్కన రావాల్సినవి, మన ఇంటి పన్ను మనం కట్టింది. ఓటు ఏస్తేనే ఇస్తం అంటే మన పైసలు మనకే బాకీ ఇచ్చినట్టు. సర్కారు తోటి దోస్తానా ఉన్న క్యాండిడేటును ‘ఏ పని, ఎన్ని కోట్లు, ఏ డిపార్ట్‌మెంటు నుంచి’ అని అడగాలె. ప్రతిపక్షం క్యాండిడేటునైతే ‘నిధులు ఇయ్యకపోతే కౌన్సిల్‌ల, కోర్టుల ఏం చేస్తవు’ అని అడగాలె.

ఇప్పటికే ఐదేండ్లు చేసినోడు మల్ల వస్తే ఆయన మాట కన్నా ఆయన రికార్డే చూడాలె. ఎన్ని కౌన్సిల్ మీటింగులకు పోయిండు, ఏం అడిగిండు, వార్డుల ఏ పనికి ఎన్ని పైసలు మంజూరైనయి, కాంట్రాక్టు ఎవలికి పోయింది.. ఇవన్నీ ఆఫీసుల కాయితాలే. 2005 సమాచార హక్కు చట్టం కింద మున్సిపల్ ఆఫీసుల పీఐఓ పేరు మీద తెలుగులనే దరఖాస్తు రాయొచ్చు. పది రూపాయల ఫీజు. ఎందుకు అడుగుతున్నవని వాళ్లు అడగొద్దు, మీరు చెప్పాల్సిన పని లేదు. 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె, ఇయ్యకపోతే అదే ఆఫీసుల పై అధికారికి అప్పీలు చెయ్యాలె, దానికి ఫీజు లేదు. ఎలక్షన్ షెడ్యూల్ వచ్చినంక రాస్తే జవాబు వచ్చేసరికి ఓట్ల లెక్కింపు కూడా అయిపోతది. కాబట్టి మూడు నెలల ముంగటనే, మీటింగుల హాజరు ఒక దరఖాస్తుల, వార్డు పనుల లిస్టు ఇంకో దరఖాస్తుల, పార్కు జాగల సర్వే నంబర్లు మూడో దరఖాస్తుల అడుగుండ్రి. అన్నీ ఒక్కదాంట్ల కలిపి రాస్తే ‘ఇది మా సెక్షన్‌ది కాదు’ అని తిప్పి పంపుతరు.